ఇంటికో చెంబు

అమ్మ పోయాక గుడిలో పెట్టిన ఆదరణ కూడిక అయిన మర్నాడు పొద్దున్న ఆరుంబావుకి మా వదిన బియ్యం కొలిచి గిన్నెలో పోసి, కడగడానికి కుళాయి తిప్పింది. ముందురోజు వచ్చిన చుట్టాల్లో కొందరు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళ భోజనాల తొందరలో ఉంది ఆమె. వెనక వసారాలో గోడకి జేరబడి కూర్చున్న సత్తెమ్మగారు ఆ బియ్యం వంకే చూస్తూ, పిడికెడు తియ్యటం మానేసేరాండి అని అడిగారు. అడగడంలో ఆక్షేపణ ఏమీ లేదు. మా వదినకి ఆ మాటేమిటో తెలియలేదు. ఆమె కోడలిగా వచ్చేసరికే ఆ అలవాటు మా వంటింట్లోంచి పోయింది. ఏం తియ్యాలండి అని నా మొహం వంక చూసింది. నేను వసారాలోకి వెళ్ళి సత్తెమ్మగారి పక్కన కూర్చున్నాను.

ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక చిన్న పాలెం ఆమెది. ఆమె భర్త, ఇప్పుడు లేడు, మా నాన్న రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాడు. మా చిన్నప్పుడు ఇంట్లో పెద్దా చిన్నా అందరం ఆమెని "సత్తెమ్మా" అనే పిలిచేవాళ్ళం. ఆమె మాత్రం లంగాలు కట్టుకున్న పిల్లలమైన మమ్మల్ని కూడా "అండీ" అనేది. పేరుకి గారు కలపడం నేను ఈ మధ్యనే నేర్చుకున్నాను. ముందురోజు సాయంత్రం గుడిలో పాస్టరు అయ్యగారు అమ్మ గురించి మాట్లాడుతూ, దాహంతో ఉన్న ఊరికి మంచినీళ్ళిచ్చిన తల్లి అన్నారు. ఆవిడ నడిపిన స్త్రీల సమాజం వేయించిన బోరు నీళ్ళు ఆ పాలెం ఈనాటికీ తాగుతోందన్నారు. ఆ పాలెం నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే నిలబడమన్నారు. ఆడవాళ్ళ వైపు చివరి వరసలోంచి సత్తెమ్మగారు చెంగు భుజం మీదుగా కప్పుకుని లేచారు. "ఆయ్, తాగుతున్నామండి. అమ్మగారి పేరు చెప్పుకుని తాగుతున్నామండి" అని కూర్చున్నారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అవి గర్వంతో వచ్చిన కన్నీళ్ళని ఇప్పుడు ఒప్పుకోవాలి. యువజనులు అమ్మ పేరు మీద మళ్ళీ మంచినీళ్ళ పని మొదలుపెడతామని అక్కడే ప్రకటించారు. నలుగురికీ పంచడానికి ఆవిడ గురించి నాలుగు పేజీలు రాసిమ్మని అయ్యగారు నన్ను అడిగారు. ఈ రాత ఆయన అడగడం వల్లే మొదలైంది, ఆయన కోరిన రూపంలో మాత్రం రాలేదు.

పిడికెడు అంటే ఏమిటో ముందు చెప్పాలి. మా గుడికి వచ్చే ఇళ్ళలో ఆడవాళ్ళు అన్నానికి బియ్యం కొలిచిన తరువాత, కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక డబ్బాలో వేసేవారు. పూటపూటా వేసేవారు. వారానికోసారి ఆ డబ్బాలు గుడికి వచ్చేవి. మా ఇంట్లో అది పాలపొడి డబ్బా, మూత మీద మా నాయనమ్మ మేకుతో గీసిన శిలువ ఉండేది. నాయనమ్మకి ఈ విషయంలో పట్టుదల ఎక్కువ. బస్తాలోంచి తీసి డబ్బాలో వేస్తే ఊరుకునేది కాదు. కొలత అయ్యాకే తియ్యాలి, మన కంచంలో తగ్గాలి, తగ్గకపోతే అది ఇచ్చినట్టు కాదు అనేది. మా అమ్మది చిన్న చెయ్యి. నాయనమ్మ పక్కన నిలబడి చూసి, "నీ పిడికిలి ప్రభువుకి కూడా తెలుసులే, ఇంకో నాలుగు గింజలు వెయ్యి" అనేది. అమ్మ నవ్వి ఇంకోసారి చెయ్యి పెట్టేది. నేను కొలిచే రోజున మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. నా పిడికిలి ఎంత చిన్నదైనా చాలు అన్నట్టు చూసేవారు.

మా ఊరికి నీళ్ళ కరువు తెలియదు. కాలవ ఇంటి వెనక నుంచే వెళ్ళేది. తెల్లారకముందే అమ్మ రెండు బిందెలు ముంచుకొచ్చి వసారాలో పెట్టేది. గోదారికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో నాయనమ్మ ఇండుపగింజని బిందె లోపలి అంచుకి అరగదీసేది. కాసేపటికి మట్టి అడుక్కి దిగి పైన నీళ్ళు అద్దంలా తేరేవి. ఆ పైనీళ్ళు పల్చటి గుడ్డలోంచి వడపోసి రాగిబిందెలో పోసేవారు. ఆ గింజ అరగదీసేటప్పుడు వచ్చే గరగర చప్పుడుకే నాకు రోజూ మెలకువ వచ్చేది. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ముందుగా నింపుకున్న తొట్టెలు ఉండేవి. కాబట్టి నీళ్ళు లేని ఊరు అంటే నాకు పాఠాల్లో చదివిన ఎడారిలాంటి మాట. సముద్రం వైపు మాకు ఆటోలో గంట దూరంలో ఆడవాళ్ళు నీళ్ళ కోసం మైళ్ళు నడుస్తారని నాకు తెలియదు.

ఆ సంగతి ఇంట్లో మొదట చెప్పింది మా నాన్న. ఆయనకి అప్పటిదాకా కొబ్బరికాయల వ్యాపారం. ఆ రోజుల్లో కోనసీమ అంతా రొయ్యల మీద పడింది. నాన్న కూడా ఒక స్నేహితుడితో కలిసి ఆ పాలెం పక్కన పొలాలు కౌలుకి తీసుకుని చెరువులు తవ్వించాడు. ఇంజన్లు పెట్టి ఉప్పుటేటి నీళ్ళు చెరువుల్లోకి తోడేవారు. మా ఇంటి ముందు గదిలో కొబ్బరి పీచు వాసన పోయి రొయ్యల మేత వాసన వచ్చింది. ఎండుచేపల పొడి వాసన అది. నాన్న చొక్కాలు అమ్మ విడిగా ఉతికేది, ఎంత ఉతికినా చంకల్లో ఆ వాసన మిగిలేది. కొన్నాళ్ళకి ఆ వాసన మాకు అలవాటైంది. ఫ్రిజ్జు వచ్చింది. మట్టి అరుగు గచ్చు అయింది. కంపెనీ వాళ్ళు మెత్తగా ఉన్నాయని వద్దన్న రొయ్యలు నాన్న ఇంటికి తెస్తే అమ్మ చింతచిగురు వేసి వండేది. ఆ కూర రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. గుర్తుండటం ఇప్పుడు బాగోలేదు.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న, చెరువుల మీదకి పాలెం వాళ్ళు పనికి ఆలస్యంగా వస్తున్నారనీ, ఏమిటంటే ఇంటావిడ నీళ్ళకి వెళ్ళి రాలేదంటున్నారనీ చెప్పాడు. వాళ్ళు ఇసకలో చెలమలు తీసుకుని తాగేవారట. ఆ చెలమల్లో నీళ్ళు ఉప్పగా మారిపోయాయట. పాపం చాలా అవస్థ పడుతున్నారు అన్నాడు. ఆయన నిజంగానే జాలిపడ్డాడు. ఈ ఏడు వానలు వెనకబడ్డాయి అన్నంత మామూలుగా చెప్పాడు. ఆ ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందని మా కంచాల చుట్టూ ఉన్న ఎవరమూ అడగలేదు. నాకు అడిగే జ్ఞానం లేదు. నాయనమ్మకి చెరువులంటే ఏమిటో తెలియదు. అమ్మ సంగతి నేను చెప్పలేను. ఆమె మజ్జిగ పోస్తూ, ఎంతమంది ఉంటారండి ఆ ఊళ్ళో అని మాత్రం అడిగింది.

గురువారం మధ్యాహ్నాలు స్త్రీల సమాజం మా అరుగు మీద కూర్చునేది. అమ్మ అధ్యక్షురాలు. ఆ వారం అమ్మ పాలెం సంగతి చెప్పి, మన పిడికెటి బియ్యం ఈ ఏడు ఆ నీళ్ళకి పెడదామంది. ఎప్పుడూ గుడి సున్నాలకీ, పండగ భోజనాలకీ పోయే బియ్యం అది. కరుణమ్మత్త అని మా పక్కింటావిడ, అందరికంటే గట్టిగా పాడేది, అందరికంటే ముందు అభ్యంతరం చెప్పేది. వాళ్ళు మన గుడివాళ్ళు కారు కదండీ, సముద్రం మీదకి వెళ్ళేముందు వాళ్ళ దేవతలకి వాళ్ళు మొక్కుకునే మనుషులు, మన బియ్యం వాళ్ళకెలా పెడతాం అంది. గుమ్మంలో కూర్చుని వక్కలు కత్తిరించుకుంటున్న నాయనమ్మ తలెత్తకుండానే, "దాహానికి కూడా బాప్తిస్మం ఇచ్చాకే నీళ్ళు పోస్తావేంటే కరుణా?" అంది. అరుగంతా నవ్వింది. కరుణమ్మత్త కూడా నవ్వింది. తరువాత ఆ పనికి అందరికంటే ఎక్కువ తిరిగింది ఆవిడే. మా గుడి చాలక చుట్టుపక్కల గుళ్ళకీ, ముక్తేశ్వరం దాకా, డబ్బాలు పట్టించింది.

ఇంటింటి పిడికెళ్ళూ ఒకచోట పోస్తే వచ్చే బియ్యాన్ని ఎవరూ వండుకోలేరు. సన్నవి, లావువి, పాతవి, కొత్తవి, రేషనువి అన్నీ కలిసి ఉంటాయి. ఒకటి ఉడికేసరికి ఇంకొకటి ముద్దవుతుంది. అందుకని ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో చాప మీద రాశి పోసి వేలం పాడేవారు. ఆ ఏడాది ప్రతి వేలంలోనూ పాటని ఎవరికీ అందకుండా పెంచి ఆ బియ్యం కొన్నది మా నాన్న. జనం చప్పట్లు కొట్టేవారు. అమ్మ తల దించుకుని ముసుగు సర్దుకునేది, సంతోషం దాచుకోవడానికి. కొన్న బియ్యం నాన్న తన చెరువుల మీదకి పంపేవాడు. అక్కడ పాకలో పనివాళ్ళకి వంట చేసేవారు, పనివాళ్ళందరూ పాలెం మగవాళ్ళే. అంటే మేము కంచంలో తగ్గించుకుని తీసిన బియ్యం రొయ్యలకి మేత వేసేవాళ్ళు తినేవారు. వాళ్ళ ఆడవాళ్ళకి మేము నీళ్ళు తెస్తున్నామని మేము సంతోషించేవాళ్ళం. అప్పట్లో ఇందులో ఏదీ నాకు వింతగా తోచలేదు.

బోరు ఎక్కడ వెయ్యాలన్నది కూడా నాన్నే చూశాడు. బోరు లారీ పాలెం లోపలికి వెళ్ళదు, సందుల్లో ఇసకలో చక్రాలు దిగబడతాయి. ఆ చుట్టుపక్కల లారీ నిలబడే గట్టి దారి ఒక్కటే ఉంది, అది చెరువులవాళ్ళు మేత బళ్ళ కోసం రాళ్ళు పోసి వేసుకున్నది. అందుకని చెరువు గట్టుకి నాలుగు బారల దూరంలో బోరు దిగింది. దాని వల్ల ఏమవుతుందని మాలో ఎవరూ అడగలేదు. మేము నీళ్ళు భూమిలో ఉంటాయనీ, గొట్టం లోతుగా దింపితే వస్తాయనీ అనుకునే కాలవగట్టు మనుషులం. ప్రతిష్ఠ రోజున అప్పటి అయ్యగారు ప్రార్థన చేసి పంపు పిడి మొదట తన చేత్తో కొడితే నీళ్ళు తియ్యగా వచ్చాయి. పాలెం ఆడవాళ్ళు దోసిళ్ళతో తాగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కన సిమెంటు దిమ్మ కట్టి, స్త్రీల సమాజం వారి కానుక అని రాయించారు. అమ్మ అక్కడ నిలబడి, పిడికెటి బియ్యం ఎలా పోగవుతుందో వాళ్ళకి చెప్పింది. సత్తెమ్మగారు ముందు వరసలో చంటిపిల్లని ఎత్తుకుని నిలబడి, ఆమె ప్రతి మాటకీ "ఆయ్, ఆయ్" అంటూ విన్నారు.

ఆ తరువాత ఏటా, క్రిస్మసు వెళ్ళిన వారంలో, సమాజం ఆడవాళ్ళు మేత తీసుకెళ్ళే వ్యానులో ఆ పాలెం వెళ్ళి వచ్చేవారు. నేను కూడా వెళ్ళేదాన్ని. సరుగుడు తోట నీడలో చాపలు పరిచి మమ్మల్ని కూర్చోబెట్టేవారు. కొత్త కుండలోంచి, తోమిన స్టీలు గ్లాసుల్లో, మంచినీళ్ళు ఇచ్చేవారు. బోరు నీళ్ళేనా అని అమ్మ అడిగేది. "ఆయ్, మీ బోరు నీళ్ళేనండి" అనేవారు. చల్లగా, తియ్యగా ఉండేవి. కరుణమ్మత్త రెండో గ్లాసు అడిగి తాగి, మా కాలవ నీళ్ళకంటే బాగున్నాయి అనేది. తరువాతి ఆదివారం ఆవిడ గుడిలో లేచి ఆ నీళ్ళ రుచి గురించి సాక్ష్యం చెప్పేది. మేము బోరు దాకా నడిచి వెళ్ళి చూసేవాళ్ళం కాదు. ఎండగా ఉందండి, మీరు నీడన కూర్చోండి అని వాళ్ళు ఆపేవారు. అంత మర్యాద మరెక్కడా చూడలేదని వ్యానులో అందరూ అనుకునేవారు.

ఆ పొద్దున్న వసారాలో సత్తెమ్మగారు నాకు చెప్పింది ఈ నీళ్ళ గురించే. అమ్మ నెలనెలా తనకి ఒక బియ్యం సంచీ పంపేదని మొదట చెప్పారు. మా అన్నయ్య ఆ సంచీని ఏళ్ళ తరబడి ఆటోలో వేయించి పంపుతూ వచ్చాడు, పాతకాలపు పనివాళ్ళకి చేసే సాయం అనుకున్నాడు. అది విని నేను, అమ్మకి మీ ఊరంటే ప్రేమండి, ఆ బోరు అంటే ఆవిడకి ప్రాణం అన్నాను. సత్తెమ్మగారు చెంగు సర్దుకున్నారు. తరువాత, ఆవిడ పోయేరు కాబట్టి చెప్పొచ్చనుకుంటానండి అని మొదలుపెట్టారు.

"ఆ బోరు రెండో ఏడు వానలకే ఉప్పొచ్చేసిందండి, పాపగారూ."

నిన్న గుడిలో తాగుతున్నామని చెప్పారు కదా అన్నాను.

"అంతమంది ముందు ఏం చెప్తానండి. ఆవిడ పటం అక్కడే ఉంది."

మరి మేము ఏటా వచ్చి తాగిన నీళ్ళు తియ్యగానే ఉండేవి అన్నాను. అవి వేరండి అన్నారు ఆమె. మేము వస్తున్నామని మేత వ్యాను డ్రైవరు ముందురోజు కబురు చెప్పేవాడట. కాలవ చివర శివారు ఊరి నుంచి తాము తాగడానికి తెచ్చుకున్న నీళ్ళలోంచి ప్రతి ఇంటివాళ్ళూ ఒక చెంబు తెచ్చి కొత్త కుండలో పోసేవారట. ఇంటికో చెంబు అని వాళ్ళే అనుకున్నారట. ఆ మర్నాడు పిల్లలకి తక్కువయ్యేవి. ఈ మాట చెబుతూ ఆమె నవ్వారు. "కరుణమ్మగారు రెండో గ్లాసు అడిగినప్పుడల్లా మా తోటికోడలు నా వంక చూసేదండి, కుండలో అడుగు కనపడిపోతోందని. ఆవిడకి దాహం ఎక్కువండి బాబూ." నాకు నవ్వు రాలేదు. నేను కూడా రెండో గ్లాసు తాగానేమో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు.

ఎందుకు చెప్పలేదు అని అడిగాను. అడిగిన తరువాత ఆ ప్రశ్న నాకే తప్పుగా వినిపించింది. ఆమె మాత్రం తప్పు పట్టలేదు. మీరంతా ఎండలో పడి, ఇంటింటా తిరిగి పోగుచేసి పెట్టేరు, ఉప్పగా ఉన్నాయని మొహం మీద ఎలా అంటామండి అన్నారు. ఆ తరువాత ఒక మాట అన్నారు. దాన్ని ఆమె అన్నట్టే రాస్తున్నాను.

"ఉప్పొచ్చిందని చెప్తే, ఎందుకొచ్చిందని అడుగుతారు కదండి. మా మగాళ్ళందరూ నాన్నగారి చెరువుల మీదే కదండి."

మా వాళ్ళు వ్యానులో మెచ్చుకుంటూ వచ్చిన మర్యాదలో సగం అది. మిగిలిన సగం నిజంగా మర్యాదే. ఏది ఎంతో విడదీసి చూడటం నా వల్ల కాదు. మా చెరువుల నీళ్ళు భూమిలోకి దిగి, మా వల్ల ఉప్పబారిన ఊరు, మేము బాధపడకుండా ఉండటానికి, మాకు తియ్యటి నీళ్ళు తెచ్చి పోసింది. అవి మా దానం రుచే అనుకుని మేము తాగాం.

అమ్మకి తెలిసింది. ఎలా తెలిసిందో కూడా సత్తెమ్మగారే చెప్పారు. ఒకసారి అమ్మ కబురు లేకుండా, సమాజం వాళ్ళు ఎవరూ లేకుండా, బస్సు దిగి ఒక్కతే నడుచుకుంటూ వచ్చిందట. ఎవరో బాలింతరాలిని చూడటానికి అటు వచ్చి, ఇంత దూరం వచ్చాను కదా అని వచ్చిందట. కుండలో తియ్యటి నీళ్ళు లేవు. సత్తెమ్మగారు పక్కింటికి పరిగెత్తబోతే అమ్మ ఆపి, ఎందుకమ్మా, బోరు పక్కనే ఉందిగా, నేను పట్టుకొస్తాను అని చెంబు అందుకుందట. వద్దండి, ఎండండి అంటున్నా వెళ్ళిందట. దారిలో చెరువుల ఇంజన్లు ఆడుతున్నాయట. "తనే కొట్టుకుని, చెంబెత్తి తాగేరండి. ఉమ్మెయ్యలేదండి. మొత్తం తాగేరు. తాగి, అక్కడ దిమ్మ మీద చాలాసేపు కూర్చున్నారు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆవిడా ఏం అనలేదు, నేనూ ఏం అనలేదండి." వెళ్ళేటప్పుడు అమ్మ చెంబు కడిగి ఇచ్చిందట.

ఆ రోజు ఏదో నాకు తెలుసు. సత్తెమ్మగారు చెప్పేదాకా దానిని ఇంకోలా గుర్తుపెట్టుకున్నాను. అమ్మ మధ్యాహ్నం ఆలస్యంగా ఇంటికి వచ్చింది. నాన్న భోజనం చేసి పడక్కుర్చీలో ఉన్నాడు. నేను లోపలి గదిలో ఇంటరు పుస్తకాలకి అట్టలు వేసుకుంటున్నాను. అమ్మ చెప్పులు విడిచి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఆ చెరువులు వదిలెయ్యండి."

నాన్న కారణం అడగలేదు. అడగకపోవడం నాకు ఇప్పుడు అర్థమవుతోంది. నేనొక్కణ్ణి వదిలితే అక్కడి నీళ్ళు మారతాయా, చుట్టూ అందరివీ అవే చెరువులు, నా కౌలు ఇంకొకడు తీసుకుంటాడు అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. తరువాత గొంతు తగ్గించి, "అమ్మాయి చదువు అయ్యేదాకా ఆగు" అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి రాత్రి వంటకి బియ్యం కొలిచిన చప్పుడు వినిపించింది. నేను పుస్తకం అట్ట మడత పెడుతూ, నాన్న నా కోసం ఎంత ఆలోచిస్తున్నాడో అనుకున్నాను. ఆ మాటని చాలా ఏళ్ళు నా మీద ఆయనకున్న ప్రేమకి రుజువుగా దాచుకున్నాను. కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో ఆడపిల్లల తల్లిదండ్రులు చదువు మాన్పిస్తామని వస్తే, మా నాన్న ఇలా అన్నాడండి అని వాళ్ళకి చెప్పేదాన్ని. నా చదువు అయింది. అదే ఏడాది రొయ్యలకి తెగులు వచ్చి నాన్న చెరువులు వదిలేశాడు. కౌలు ఇంకొకరు తీసుకున్నారు, ఆయన చెప్పినట్టే.

అమ్మ ఆ తరువాత సమాజం అధ్యక్షత కరుణమ్మత్తకి అప్పగించింది, మోకాళ్ళ నొప్పులని చెప్పింది. పాలెం యాత్ర మానిపించింది, మన పని అక్కడ అయిపోయింది కదా, ఇంకో ఊరు చూద్దామంది. అలా వాళ్ళకి ఏటా పోయే చెంబులు మిగిల్చింది. అది ఆమె చేసిన మేలు. కాని బోరు ఉప్పబారిందని గుడిలో లేచి చెప్పలేదు. చెబితే ఆ దిమ్మ మీద పేరు పోయేది. ఇంకో బోరు ఇంకో చోట వేసేవారేమో కూడా. ఆమె తన భర్తని నలుగురిలో నిలబెట్టలేకపోయింది, నన్ను కాలేజీ మాన్పించలేకపోయింది. నీళ్ళు లేని మనిషికి నెలనెలా బియ్యం పంపింది, అదీ బస్తాలోంచి. అంతకంటే ఆమె చేతిలో ఏముంది అని నన్ను నేను అడుగుతున్నాను. ఉందనే అనుకుంటాను. ఆమెని పూడ్చి వారమైనా కాకుండా ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది. అయ్యగారు అడిగిన నాలుగు పేజీల్లో ఇది లేకపోతే మిగిలిందంతా రాయడం ఇంకా కష్టం.

కూడిక మర్నాడే సత్తెమ్మగారిని దింపడానికి ఆటోలో నేను కూడా వెళ్ళాను. నా చిన్నప్పుడు ఆ దారిలో వరి ఉండేది, చెరువులు చివర్లో కనిపించేవి. ఇప్పుడు ఉప్పలగుప్తం దాటినప్పటి నుంచీ రెండు వైపులా చెరువులే, వాటిలో నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్నాయి. ఆటో అద్దం మీద కూడా ఉప్పు చెమ్మ. బోరుకి పిడి లేదు, గొట్టం మీద ఎవరో వల ఆరేశారు. యువజనులు ఇక్కడ మళ్ళీ ఏదో పెట్టిస్తామంటున్నారు అని చెప్పాను. ఆయ్, మంచిదండి అన్నారు సత్తెమ్మగారు, మా అమ్మ ప్రతి మాటకీ అన్నట్టే. పెట్టించే ముందు వాళ్ళని ఇక్కడికి తీసుకొచ్చి మీచేత మాట్లాడిస్తాను, నాతో చెప్పింది వాళ్ళతో చెప్పండి అన్నాను. ఆమె వెంటనే ఆయ్ అనలేదు. మా మనవడు ఇప్పుడు చెరువుల మీదే ఉన్నాడండి అన్నారు. అయితే నేనే చెప్తాను అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళారు.

కోడలు కుర్చీ తుడిచి వేసింది. ఫ్యాను వేసింది. పళ్ళెంలో జంతికలు పెట్టి తెచ్చింది. లోపలి గదిలో ఎత్తుపీట మీద, పైన గుడ్డ కప్పి, నీళ్ళమ్మే వ్యానువాడి దగ్గర కొన్న టిన్ను కనిపిస్తోంది. వారంలో అది ఎన్నాళ్ళు రావాలో ఆమెకి లెక్క ఉంటుంది. ఆమె నా సంచీ వంక చూసి, చాలా మామూలుగా, "బాటిలు తెచ్చుకున్నారు కదండీ" అంది. తెచ్చుకున్నానమ్మా అన్నాను. సత్తెమ్మగారు తల పక్కకి తిప్పుకున్నారు. కోడలిది తప్పేమీ లేదు, ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ ఊళ్ళో అందరినీ అలాగే అడుగుతారు. ఆ పాలెంలో ఇంటికి వచ్చినవాళ్ళకి ఇప్పుడు మంచినీళ్ళు ఇవ్వరు.